పత్రముల నుండి అక్షరములను తీయు పరికరములు: వాని వివరణలను పరీక్షించు విధము

ముద్రిత పత్రమును గాని, దాని ఫోటోను గాని కంప్యూటరునకు చూపినచో, అందలి అక్షరములను ఏరి, దిద్దుటకును వెదకుటకును వీలగు పాఠముగా మార్చి యిచ్చు పరికరములు నేడు పెక్కు కలవు. మొన్న మొన్నటివఱకు వీనిని నడుపువారు మనుష్యులే. ఇటీవల కృత్రిమ మేధతో పనిచేయు ఏజెంట్లు కూడ నడుపుచున్నవి. ఏజెంటు అనగా, మనము ఒక పని చెప్పినచో, దానికి కావలసిన పరికరములను తానే యెంచుకొని, ఒకదానివెంట నొకటిగా వాడి, ఫలితమును మన ముందుంచు ప్రోగ్రాము. ఏ పరికరమును ఎంచుకొనవలెనో, దాని నెట్లు వాడవలెనో ఏజెంటునకు తెలుపునది ముఖ్యముగా ఆ పరికరమును చేసినవారు వ్రాసిపెట్టిన వివరణ. ఇంగ్లీషున దీనిని డాక్యుమెంటేషన్ అందురు. ఈ వివరణ మంచిదో కాదో తేల్చుట ఇంజనీర్ల పని యని మనలో పలువురు తలంతురు. తమ పిల్లల కాగితములను భద్రముగా దాచుకొన్న ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు కొద్దిపాటి శ్రమతో ఈ పరీక్ష చేయగలరని ఈ వ్యాసమున చూపదలచితిమి.

మనకు ఇది ఇతరులకంటె ఎక్కువ అవసరము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కినవి మైసూరునకును చేరినవి. అంతకుముందు జిల్లా యంతయు మద్రాసు రాష్ట్రములోనిదే. కావున మన యిండ్ల పెట్టెలలోని కాగితములు ఒక్క భాషవి కావు. తాతగారి కాలపు దస్తావేజు తెలుగున నుండును, దాని స్టాంపు కాగితముపై ఇంగ్లీషు ఉండును, తండ్రిగారి టి.సి. కన్నడమున నుండును, పిల్లవాని మార్కుల పట్టిక కన్నడమును ఇంగ్లీషును కలిసియుండును. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగములోని 350ఏ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరినది. ఆ వసతిని అడుగబోవునపుడు అడ్మిషను రిజిస్టరులో ‘మాతృభాష’ అను గడియందు ఏమి వ్రాసియున్నదో చిన్న విషయము కాదు. ఆ గడిని యంత్రము తప్పుగా చదివి, ఆ తప్పే ఆఫీసు కంప్యూటరులోనికి ఎక్కినచో, పిదప దిద్దించుట ఎంత పనియో, పేరులో ఒక అక్షరము మార్పించుటకు తిరిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మొదట పత్రములలోని భేదమును తెలిసికొనవలెను. పి.డి.ఎఫ్. అను ఒకే పేరుతో మన చేతికి వచ్చునవి రెండు జాతులు. ఒకటి కంప్యూటరుపై టైపు చేసి తయారుచేసినది. దానిలో అక్షరములు అక్షరములుగానే యుండును. రెండవది కాగితమును స్కాను చేసి, ఆ బొమ్మను పి.డి.ఎఫ్. అను సంచిలో పెట్టినది. అందు అక్షరములు లేవు, వాని బొమ్మ మాత్రమే కలదు. మొదటిదానినుండి పాఠమును తీయుట సంచి విప్పి వస్తువును పైకి తీయుట వంటిది. రెండవదానినుండి తీయవలెనన్న బొమ్మను చూచి, ఇది ‘క’, ఇది ‘గ’ అని గుర్తింపవలెను. ఈ గుర్తింపునకే ఓ.సి.ఆర్. అని పేరు. మొదటి పనికి చిరకాలముగా వాడుకలో నున్న పరికరము పి.డి.ఎఫ్.-టు-టెక్స్ట్; రెండవ పనికి పేరుపొందినది టెసరాక్ట్. రెండును ఉచితముగా లభించును. వాని వివరణలను ఎవరైనను తెఱచి చదువవచ్చును. కావున వానినే ఉదాహరణములుగా గైకొందము.

టెసరాక్ట్ పాత పరికరమే. హ్యూలెట్-పాకర్డ్ సంస్థవారి ప్రయోగశాలలలో 1985 మొదలు 1994 వఱకు రూపొందినది. 2005లో దాని మూలమును అందఱికిని విడిచిరి. 2006 నుండి 2018 వఱకు గూగుల్ సంస్థ దానిని పెంచినది. నూటికి పైగా భాషలను చదువునని దాని వివరణలో ఉన్నది. తెలుగు, కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా అన్నియు ఆ పట్టికలో గలవు. ఈ మాట చూచి తృప్తిపడి అచ్చటనే ఆగుట చదువరులు సాధారణముగా చేయు పని. మఱికొంత దిగువకు పోవలెను. ఏ భాషలో చదువవలెనో చెప్పనిచో ఇంగ్లీషుగా భావింపబడును అని అదే వివరణలో ఒక చిన్న వాక్యము కలదు. మాకు తోచినంతలో తెలుగువారికి ఆ వివరణయందు అన్నిటికంటె ముఖ్యమైన వాక్యము ఇదియే.

దీని ఫలమేమో చూడుడు. తెలుగు పత్రము నిచ్చి భాష పేరు చెప్పకున్నచో, పరికరము తనకు తెలియదని ఆగిపోదు. గుండ్రని తెలుగు అక్షరములలో ఇంగ్లీషు అక్షరముల పోలికలు వెదకి, ఒక ‘ఓ’, ఒక ‘ఎస్’, ఒక ఎనిమిది, ఒక మూడు, ఇట్లు ఏదో వరుస కూర్చి యిచ్చును. పని సక్రమముగా ముగిసినట్లే ముగియును. గుమాస్తా యైనచో ఆ పిచ్చివ్రాతను చూచిన వెంటనే భాష పేరు చేర్చి మరల నడుపును. ఏజెంటు కూడ పలుమాఱులు కనిపెట్టును. కనిపెట్టనినాడు మాత్రము అది పిచ్చివ్రాతను పిచ్చివ్రాతగా మన చేతికీయదు. దొరికిన తునకలనుండి ఒక పేరును, ఒక తేదీని ఊహించి, తీరైన వాక్యములలో కూర్చి యిచ్చును. పిచ్చివ్రాతను చూచినవారు అనుమానింతురు. తీరైన వాక్యమును చూచినవారు సంతకము పెట్టుదురు.

రెండు భాషలున్న పుటకు రెండు భాషల సంకేతములను కూడిక గుర్తుతో కలిపి చెప్పవలెనని వివరణలో నున్నది. ఏది మొదట చెప్పితిమో అది ప్రధానమగును. క్రమము మాఱినచో ఫలితమును మాఱవచ్చును. ఇంకొక చిక్కు కలదు. చెప్పిన రెండు భాషలలో ఒకదాని సామగ్రి ఆ కంప్యూటరులో లేకున్నచో, టెసరాక్ట్ ఒక హెచ్చరిక పంక్తి వ్రాసి, ఉన్న భాషతోనే పని సాగించును. ఆ పంక్తిని చూడవలసినవారు చూడకున్న అంతే సంగతులు.

ఇచ్చట మన సీమకు ప్రత్యేకమైన మాట యొకటి చెప్పవలసియున్నది. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు. తలకట్టు వంపులో తప్ప భేదము కనబడని అక్షరములు వానిలో అనేకములు. తెలుగు కాగితమును ఇంగ్లీషని చదివించినపుడు వచ్చినది పిచ్చివ్రాత యని తెలియును. కన్నడ కాగితమును తెలుగని చదివించినచో వచ్చునది చూపునకు తెలుగువలెనే యుండును. చెన్నపట్నములోని తెలుగువారికి ఈ బాధ ఇంతగా లేదు. తమిళ లిపి రూపము వేఱు. మన పిల్లల టి.సి.లను చదివింపబోవువారు భాష పేరును రెండుమాఱులు సరిచూచుకొనవలెను.

టెసరాక్ట్ వివరణలో మేము మెచ్చుకొన్న సంగతులును కలవు. అది పి.డి.ఎఫ్. పత్రములను చదువదని స్పష్టముగా వ్రాసియున్నారు. ముందుగా బొమ్మలుగా మార్చుకొనవలెను. ఫలితమును మాత్రము వెదకుటకు వీలగు పి.డి.ఎఫ్.గా నీయగలదు. పుచ్చుకొనుట వేఱు, ఇచ్చుట వేఱు. ‘పి.డి.ఎఫ్. సౌకర్యము కలదు’ అని ఒక్క మాటలో తేల్చివేయు వివరణలను చదివి మోసపోవుట సులభము. పుటను విభజించు పద్ధతుల పట్టికయందు సున్న మొదలు 13 వఱకు పదునాలుగు పద్ధతులు ఒక్కొక్క పంక్తిలో చెప్పబడినవి. అందు రెండవ సంఖ్య గల పద్ధతి యెదుట, ఇది ఇంకను అమలు చేయబడలేదు అని వ్రాసియున్నది. లేనిదానిని లేదని వ్రాసినవారిని కొంత నమ్మవచ్చును. అంగుళమునకు కనీసము 300 చుక్కలుండు బొమ్మలపై బాగుగా పనిచేయునని కూడ చెప్పిరి. ఈ లెక్కను మనమును ఉపయోగింపవచ్చును: ఏ-4 కాగితము నిండుగా స్కాను చేసినచో అడ్డముగా సుమారు 2480, నిలువుగా సుమారు 3508 చుక్కలుండవలెను. వాట్సప్‌లో ఫోటోగా పంపినచో బొమ్మ చిన్నదగును. అదే బొమ్మను డాక్యుమెంటుగా పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును. ఈ ఒక్క సంగతి తెలియక పలువురు పరికరమును నిందించుచున్నారు.

పి.డి.ఎఫ్.-టు-టెక్స్ట్ వివరణ మిక్కిలి చిన్నది. దాని చివర లోపములు అను శీర్షిక క్రింద రెండు వాక్యములు మాత్రమే కలవు. కొన్ని పత్రములలో అక్షరముల సంకేతములు గుర్తుపట్టరానంతగా చెడిపోయియుండుననియు, వానినుండి పాఠము తీయుటకు ఓ.సి.ఆర్. తప్ప మార్గము లేదనియు వాని భావము. ఆ రెండు వాక్యములు తెలుగువానిని ఉద్దేశించి వ్రాసినవి కాకున్నను తెలుగువానికే ఎక్కువ చెల్లును. యూనికోడ్ వాడుకలోనికి రాకముందును, వచ్చిన పిదప చాలకాలమును మన అచ్చు పనులు అను ఫాంట్ల వంటివానిలో జరిగినవి. అందు కంప్యూటరు లోపల నుండునది ఇంగ్లీషు అక్షరపు సంకేతము. తెరపై కనబడునది తెలుగు తునక. అట్టి పి.డి.ఎఫ్. కంటికి చక్కని తెలుగు. అందలి పాఠమును తీసినచో ఇంగ్లీషు అక్షరముల గందరగోళము. మన సంఘముల పాత సంచికలను కంప్యూటరులో వెదకబోయి విసిగినవారికి కారణ మిది.

ఆ చిన్న వివరణలో మనకు కొఱతగా తోచునది యొకటి. స్కాను చేసిన పి.డి.ఎఫ్. నిచ్చినచో ఈ పరికరము తప్పు జరిగినదని చెప్పదు. ఖాళీ పాఠము నిచ్చి, పని సఫలమైనట్లు సున్న సంకేతముతో ముగించును. అక్షరపు పొర లేనందున ఖాళీయా, కాగితమే ఖాళీయా అను భేదము ఫలితమున తెలియదు. ‘ఈ పత్రములో ఏమియు వ్రాసియుండలేదు’ అని ఏజెంటు చెప్పినచో, తాతగారి దస్తావేజు తెల్లకాగితమైనదని అర్థము కాదు.

ఇక నూటికి ఇంత యని గొప్పగా చెప్పు లెక్కల సంగతి. కొన్ని పరికరముల వివరణలలో నూటికి 98 పాళ్లు సరిగా చదువును వంటి వాక్యములుండును. మూడు ప్రశ్నలు వేయనిదే ఆ వాక్యమునకు విలువ లేదు: ఏ భాషలో, ఎట్టి కాగితములపై, దేనిని లెక్కించి? 1500 అక్షరములున్న పుటలో నూటికి రెండు తప్పు లనగా ముప్పది తప్పులు. ఆ ముప్పదియు కథలోని మాటలలో పడినచో చదువుకొనవచ్చును. పుట్టిన తేదీలో ఒక్కటి పడినను పత్రము చెడును. పైగా తెలుగులో అక్షరమును లెక్కించుటయే ఒక చిక్కు. ‘స్త్రీ’ అనునది మన పిల్లలకు ఒక అక్షరము. యూనికోడ్‌లో అది ఆఱు సంకేతములు: సకారము, విరామము, తకారము, విరామము, రేఫ, ఈకారపు గుర్తు. యంత్రము దానిని ‘స్తీ’ అని చదివెననుకొనుడు. సంకేతముల లెక్కలో ఆఱింట రెండు పోయినవి, నాలుగు నిలిచినవి. అక్షరముల లెక్కలో ఉన్న ఒక్కటియు తప్పే. ఒకే తప్పు ఒక లెక్కలో మూడవ వంతు, ఇంకొక లెక్కలో పూర్తి. ఏ లెక్క వాడితిరో చెప్పని వివరణ తెలుగువారికి ఏమియు చెప్పనట్లే.

టెసరాక్ట్ ప్రతి పదమునకును నమ్మకపు అంకె యొకటి, సున్న మొదలు నూఱు వఱకు, పట్టికగా నీయగలదు. ఆ పట్టికలో పండ్రెండు నిలువు వరుసలుండును. పదమునకు చెందని వరుసలలో ఆ అంకె ఉన్నచోట ‘మైనస్ 1’ అని ఉండును. ఇది యంత్రము తన్ను గూర్చి తాను వేసికొన్న మార్కు, ఉపాధ్యాయుడు వేసిన మార్కు కాదు. ఐనను ఆ అంకె తక్కువగా నున్న పదములను మనిషిచే చూపింపుమని ఏజెంటునకు ముందే చెప్పియుంచుట మంచి పద్ధతి.

ఏజెంటునకు అందు వివరణ మనము చదువు పుస్తకమంత పెద్దది కాదు. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతియందు ప్రతి పరికరమునకును ఒక పేరు, కొన్ని మాటల వివరణ, ఇయ్యవలసిన విషయముల పట్టిక ఉండును; పని విఫలమైనచో విఫలమైనదని తెలుపుటకు వేఱొక గుర్తు కలదు. ఆ కొన్ని మాటలలో ఏమి యుండవలెననునదే ప్రశ్న. ‘ఏ పత్రమునుండి యైనను పాఠమును తీయును’ అని వ్రాసినచో ఏజెంటు ఏ పత్రమునైనను దానికే యిచ్చును. దాని తప్పు లేదు. అదే వివరణను ఇట్లు వ్రాయవచ్చును: ‘ఈ పరికరము బొమ్మలను మాత్రమే గైకొనును, పి.డి.ఎఫ్. గైకొనదు. భాషను తప్పక చెప్పవలెను. చెప్పనిచో ఇంగ్లీషని తలచును. అచ్చు అక్షరములకే గాని చేతివ్రాతకు తగదు. ఏమియు దొరకనిచో ఖాళీ పాఠము నిచ్చును. దానినిబట్టి కాగితము ఖాళీ యని తలపరాదు.’ ఇవి ఆఱు వాక్యములు. ఏ పరికరమును మన పాఠశాలలోనికి తెచ్చినను, దాని వివరణలో ఈ వాక్యములకు సాటివి ఉన్నవో లేవో చూడవలెను. లేకున్నచో అమ్మవచ్చినవారిని అడిగి వ్రాయించుకొనవలెను.

ఇంటియొద్ద చేయదగిన పరీక్ష ఇది. ఆఱు పుటలు తీసికొనుడు. ఒకటి ఇప్పటి తెలుగు వాచకములోని శుభ్రమైన పుట. రెండవది అరసున్నలు, శకటరేఫలు గల పాత ముద్రణ. అందు ‘ౘ’, ‘ౙ’ అక్షరములు కూడ ఉన్న మఱియు మేలు, ఆ రెండును యూనికోడ్‌లో 2008లో మాత్రమే చేరినవి. మూడవది కన్నడము, తెలుగు కలిసిన కరపత్రము. నాలుగవది మొదటి పుటనే వంకరగా, నీడ పడునట్లు తీసిన ఫోటో. ఐదవది చేతివ్రాత. ఆఱవది తెల్లకాగితము. పరికరమును నడుపుటకు ముందే, దాని వివరణను చదివి, ఒక్కొక్క పుట యేమగునో వ్రాసిపెట్టుకొనుడు. పిదప నడిపి పోల్చుడు. చేతివ్రాతను చదువలేనని వివరణ చెప్పి, పరికరము నిజముగా చదువలేకపోయినచో వివరణ నెగ్గినట్లే. చదువగలనని చెప్పి, సగము చదివి, తక్కినది కల్పించినచో ఓడినది. వివరణను చదివి మీరు ఏమియు వ్రాసికొనలేకపోతిరా, అప్పటికే పరీక్ష సగము ముగిసినది. పోల్చునపుడు పుటనంతయు చూడనవసరము లేదు. పేర్లు, అంకెలు, తేదీలు చూచిన చాలును. ‘ధ’ కును ‘థ’ కును నడుమ ఒక్క చుక్క భేదము. నిండుసున్నకును సున్న అంకెకును అచ్చులో భేదమే కనబడదు. తప్పులు అచ్చట పడును.

తల్లిదండ్రులకు మఱియొక మనవి. కొన్ని పరికరములు మన కంప్యూటరులోనే పనిచేయును. టెసరాక్ట్ అట్టిది, పత్రము ఇల్లు దాటదు. మఱికొన్ని పత్రమును ఇంటర్నెట్టు ద్వారా ఇంకొకచోటికి పంపి, అచ్చట చదివించి, పాఠమును తిరిగి పంపును. ఏది ఏ రకమో, పంపిన పత్రము అచ్చట ఎన్నాళ్లుండునో వివరణ చెప్పవలెను. చెప్పకున్న పరికరమునకు పిల్లల కుల ధ్రువపత్రమును, ఆధార్ కార్డును, మార్కుల పట్టికను పరీక్షకొఱకై ఈయరాదు. వాచకములోని పుట చాలును.